మట్టి ఇటుకలు పగిలిపోతున్నాయి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో పల్లె బడి. బడితోట చుట్టూ పిట్టగోడ కట్టాలని పిల్లలతో మట్టి ఇటుకలు చేయిస్తే, ఆరగానే పగులుతున్నాయి. ఏం చేయాలి?
– ఓ ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, మీది నల్లరేగడి అయి ఉంటుంది. తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయే మట్టి అది. ముందు పిల్లలతోనే పరీక్షించండి. పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి, మర్నాటిదాకా కదపకండి. అడుగున ఇసుక, దానిపై ఒండ్రు, ఆపై బంకమట్టి పొరలుగా తేరుతాయి. ఇసుక సగానికి తక్కువుంటే ఇంకొంత కలపండి. తరిగిన వరిగడ్డి వేసి తొక్కించి, రాత్రంతా నాననివ్వండి. ఎండలో ఆరబెట్టొద్దు, నీడే మేలు. చాలామంది తొందరపడేది ఇక్కడే. పునాదికి మాత్రం రాయి వాడండి. గోడ పిల్లల నడుమెత్తు దాటేట్టుంటే, కట్టకముందే ఇంజినీరుకు చూపించండి.