కదలని హైడ్రోస్టాటిక్ ట్రాక్టరును క్షేమముగా తరలించుట



గట్టు, గద్వాల ప్రాంతములోని సీడ్ పత్తి చేలకును, కొల్లాపురం వైపు మామిడి తోటలకును చిన్న ట్రాక్టరు అనుకూలమైనది. వీనిలో గేరు ట్రాక్టర్లే ఎక్కువ. కొన్నింటికి మాత్రము హైడ్రోస్టాటిక్ అమరిక ఉండును. వరి పొలములలో తిరుగు కొన్ని కోత యంత్రములు, నాటు యంత్రములు కూడ ఈ తరగతివే. మాటిమాటికి క్లచ్చి తొక్కి గేరు మార్చనక్కరలేక, ఒక్క పెడలుతోనో మీటతోనో ముందుకు వెనుకకు పోవునది ఇట్టిదని గుర్తింపవచ్చును.

ఇది చేనిలో ఆగిపోయినచో వెంటనే గొలుసు కట్టి లాగరాదు. ఇంజను ఒక పంపును తిప్పును. ఆ పంపు నూనెను హెచ్చు పీడనముతో ఒక మోటారునకు పంపును. ఆ మోటారు చక్రములను తిప్పును. ఇంజను ఆగినపుడు నూనె ఈ రెంటి నడుమ చిక్కుకొనును. బలవంతముగా లాగిన యెడల చక్రములే మోటారును తిప్ప జూచును. నూనె పోవుటకు దారి లేదు. కొత్త నూనె నందించు చిన్న పంపు ఇంజనుతోనే ఆగినది. లోపలి పిస్టన్లు పొడిగా రాచుకొని చెడును. బ్యాటరీ దిగిన పాపమునకు ట్రాన్స్‌మిషనే మార్చవలసి వచ్చును. వాలున నెట్టి స్టార్టు చేయు మన పాత అలవాటు కూడ ఇచట పనికిరాదు, ఇంజనుకు చక్రములకు నడుమ ఉన్నది నూనె మాత్రమే గదా!

కావున మొదట ఎందుకాగెనో చూడుడు. డీజిలు ఉన్నదా? పి.టి.ఓ. మీట వేసియున్నను, పెడలు నడుమకు రాకున్నను అనేక యంత్రములు స్టార్టు కావు. ఇంతమాత్రమునకే మెకానిక్కును పిలిపించువారు కలరు.

లాగక తప్పనిచో, ముందుగా చక్రములకు ముందు వెనుక రాళ్ళు పెట్టుడు. ఇది మరువరాదు. తరువాత రేంజి మీట (లో, హై అని వ్రాసియుండును) న్యూట్రలులోనికి తెచ్చి, ముందు చక్రముల డ్రైవు తీసివేయుడు. రేంజి మీట లేనివానికి నూనెకు దారి విడుచు బైపాసు వాల్వు ఉండవచ్చును; దాని చోటు, తెరచు విధము యంత్రముతో వచ్చిన పుస్తకములో చూడవలెను. పని ముగిసిన పిదప దానిని మూయనిచో ఇంజను తిరిగినను బండి కదలదు.

న్యూట్రలులో పడిన ట్రాక్టరును పట్టి ఉంచునది బ్రేకు ఒక్కటే. కాలువ గట్టుమీద గాని చెరువు వాలున గాని అది మనిషిమీదికి దొర్లగలదు. వాలుకు దిగువన ఎవ్వరును నిలువరాదు. బ్రేకు పట్టునో లేదో తొక్కి చూచిన తరువాతనే రాళ్ళు తీయుడు.

రేగడిలో దిగబడినచో మొదట చక్రముల చుట్టు మట్టి త్రవ్వుడు. లాగు ట్రాక్టరు దీనికన్న బరువైనదై యుండవలెను. దాని డ్రాబారుకే కట్టుడు; ఇరుసు పైన కట్టినచో ముందు చక్రములు లేచి బోల్తాపడును. వాలున గొలుసుకన్న గట్టి ఇనుప కడ్డీ మేలు, గొలుసు వెనుక బండిని ఆపలేదు. గొలుసు తెగినచో దెబ్బ దూరము వచ్చును గనుక పిల్లలను దూరముగా పంపుడు. స్టీరింగు బరువెక్కును, బలమైన మనిషి నొక్కనినే కూర్చుండబెట్టి, నడక వేగమున, చేని గట్టు దాటువరకే లాగుడు.

పెబ్బేరు, కొత్తకోటల మీదుగా పోవు 44వ నెంబరు రహదారిపై దీనిని లాగుకొని పోవుట నేనొప్పను. లారీయో ట్రాలీయో తెప్పించి, వించితో ఎక్కించి, నాలుగు మూలల గొలుసులు బిగించి, బ్రేకు వేసి పంపుడు.