గ్రౌండ్ దాటావు, ఇక స్టేషన్ ఉంది

రాజమహేంద్రవరం

బుజ్జీ,

కానిస్టేబుల్ సెలక్షన్ లిస్టులో నీ పేరుందని మీ నాన్న ఫోన్ చేసిన దగ్గర్నుంచీ మీ పెద్దమ్మ కాలు ఒకచోట నిలవడం లేదు. 2022 నవంబరులో నోటిఫికేషన్, 2023 జనవరిలో ప్రిలిమ్స్, ఆ తర్వాత కోర్టు కేసులతో ఎక్కడిదక్కడే ఆగిపోయి 2024 డిసెంబరు ఆఖర్లో గానీ గ్రౌండ్‌లో దేహదారుఢ్య పరీక్షలు మొదలవలేదు. మెయిన్స్ 2025 జూన్‌లో. అన్నాళ్ళు ఓపిక పట్టావంటే బందోబస్తు డ్యూటీకి పనికొస్తావనే నా నమ్మకం.

గ్రౌండ్‌లో ఆడపిల్లలకి కనీసం ఎత్తు 152.5 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు, 1600 మీటర్ల పరుగు పదిన్నర నిమిషాల్లో. మగపిల్లలకైతే 167.6 ఎత్తు, ఊపిరి పీలిస్తే ఐదు సెంటీమీటర్లు పెరగాల్సిన ఛాతీ, ఎనిమిది నిమిషాల్లో పరుగు. ఈ కొలతల్ని నేను తక్కువ చేయను. టేపు సిఫారసు వినదు. రంపచోడవరం కొండల మీద గిరిజన పిల్లలకు ఎత్తులో సడలింపు ఇవ్వడం కూడా న్యాయమే. కానీ నువ్వు రాసిన పేపర్లు గుర్తు తెచ్చుకో. అర్థమెటిక్, రీజనింగ్, చరిత్ర, జాగ్రఫీ, కరెంట్ అఫైర్స్. సిలబస్‌లో నేరచట్టం లేదు. అంటే పోలీసు పనికి అసలు చదువు ఈ తొమ్మిది నెలల ట్రైనింగ్‌లోనే మొదలవుతుంది. పొద్దున్నే పీటీ, పరేడ్ అయ్యాక ఏసీ లేని క్లాసు గదిలో నిద్ర ముంచుకొస్తుంది. చాలామంది అక్కడే పడుకుంటారు. నువ్వు పడుకోకు.

నేను ఎక్కువ కాలం స్టేషన్ రైటర్‌గా చేశాను కాబట్టి నా గోల అంతా రాత గురించే అనుకో. జనరల్ డైరీలో ఒక టైము, మధ్యవర్తుల రిపోర్టులో ఇంకో టైము ఉంటే ముద్దాయి తరఫు వకీలుకి అంతకంటే ఏం కావాలి? దొంగ దొరికినా కేసు నిలవదు. 2024 జులై 1 నుంచి కొత్త నేరచట్టాలు వచ్చాయి. సోదా చేసినా, సొత్తు స్వాధీనం చేసుకున్నా వీడియో తీయాలి. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్ళు స్థలానికి రావాలి. వాళ్ళు వచ్చేదాకా ఆ చోట ఎవరినీ తొక్కనివ్వకుండా కాపలా కాసేది కానిస్టేబులే.

సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు మీద గొడవైందనుకో. ఈ ఒడ్డు కోనసీమ, ఆ ఒడ్డు పశ్చిమ గోదావరి. ఫిర్యాదుతో వచ్చినవాణ్ణి మా పరిధి కాదని పంపేయడం మా రోజుల్లో మామూలు. ఇప్పుడు పరిధి ఏదైనా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఆడపిల్ల మీద అత్యాచారం, లైంగిక వేధింపుల ఫిర్యాదైతే మహిళా అధికారే రాసుకోవాలి. అర్ధరాత్రి ఏ లంక గ్రామం నుంచో ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వస్తే స్టేషన్‌లో ముందు వెతికేది నిన్నే. ఆ పిల్ల చెప్పిన మాట చెప్పినట్టే కాగితం మీదికి రావాలి. పెద్దమనుషులు వెనకాలే వచ్చి రాజీ అంటారు. పెన్ను కింద పెట్టకు.

2020 జులైలో మన సీతానగరం స్టేషన్‌లో జరిగింది నీకు తెలుసు. ఇసుక లారీ గొడవలో ఒక దళిత కుర్రాణ్ణి తీసుకొచ్చి కొట్టి, స్టేషన్‌లోనే శిరోముండనం చేయించారు. ఎస్‌ఐ సస్పెండయ్యాడు, ఎస్సీ ఎస్టీ కేసులో అరెస్టయ్యాడు. ఆయనా గ్రౌండ్ దాటినవాడే, రాతపరీక్ష నెగ్గినవాడే, ట్రైనింగ్ ముగించి నక్షత్రాలు పెట్టుకున్నవాడే. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే అన్నీ చెప్పింది. అరెస్టుకి మెమో రాయాలి, ఇంట్లోవాళ్ళకి కబురు చెప్పాలి, కస్టడీలో ఉంటే 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. ఇవన్నీ ట్రైనింగ్‌లో చెబుతారు. మొదటి పోస్టింగ్‌లో సీనియర్ ఎవరో నవ్వి, అవన్నీ పరీక్షలకి, అసలు పని మేం నేర్పుతాం అంటాడు. ప్రమాణాలు కూలేది అక్కడే. ఆ మాట అన్నవాడు సస్పెన్షన్ రోజున నీ పక్కన ఉండడు. ఇంకోటి, అండీ లేకుండా ఈ గోదావరి జిల్లాల్లో దూడని కూడా పిలవరని బయటివాళ్ళు ఎగతాళి చేస్తారు కదా, స్టేషన్ గడప దాటగానే ఆ మర్యాద ఎటు పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నువ్వు మాత్రం వదలకు.

గట్టు తగాదాలు, రొయ్యల చెరువుల లీజులు సివిల్ కోర్టు చూసుకుంటుంది, నువ్వు వేలు పెట్టకు. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర డ్యూటీ సంగతి కాగితం మీద రాయను, ఇంటికొచ్చినప్పుడు చెబుతాను.

జనాన్ని అదుపు చేసే క్లాసు మాత్రం శ్రద్ధగా విను. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజే ఇక్కడి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో 27 మంది పోయారు. జనం ఒత్తుకొచ్చాక లాఠీ వల్ల ఏమీ కాదు. రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకో దారి, ఎక్కడ తాడు కట్టాలి, ఎంతమంది లోపలికి వెళ్ళాక ఆపాలి, ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. గుంపు ఆగిపోతోందని ముందుగా కనిపెట్టేది పైఅధికారి కాదు, గుంపు మధ్యలో నిలబడ్డ కానిస్టేబులు. ఆ కబురు వైర్‌లెస్‌లో నిమిషం ముందు వెళ్తే ప్రాణాలు దక్కుతాయి. మళ్ళీ పుష్కరాలు 2027లో. అప్పటికి నువ్వు యూనిఫాంలో ఉంటావు, ఈ ఘాట్లలోనే డ్యూటీ పడొచ్చు.

మీ నాన్న చేత భారతీయ నాగరిక సురక్షా సంహిత తెలుగు పుస్తకం పంపుతున్నాను. ముందు 35, 105, 173, 179 సెక్షన్లు చదువు. అర్థం కానిచోట గీత గీసి పెట్టు, మొదటి సెలవుకి వచ్చినప్పుడు కూర్చుందాం.

మీ పెదనాన్న