4.29 సెకన్ల కుర్రాణ్ణి ఎవరూ ఎందుకు ఎంచుకోలేదు?

పైథాన్ మినీ ప్రాజెక్టుకి క్లాసంతా ఐపీఎల్ డేటా పట్టుకుంటే, నేను కాస్త ఎచ్చులకి పోయి అమెరికన్ ఫుట్‌బాల్ తీసుకున్నాను. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు కౌబాయ్స్ జట్టంటే పడి చస్తాడు. అదీ కారణం.

ముందు రెండు ముక్కలు చెప్పాలి. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ అంటే వేలంపాట కాదు. 32 జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. కిందటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకి మొదటి వంతు. మొత్తం ఏడు రౌండ్లు.

ఇక కార్నర్‌బ్యాక్. మైదానం అంచున ఎదుటి జట్టు రిసీవర్‌కి బంతి అందకుండా కాపు కాసేవాడు. మన కబడ్డీ కార్నర్‌లా అనుకోకండి, అక్కడ పట్టు దొరికితే పక్కవాళ్లంతా వచ్చి మీద పడతారు. ఇక్కడ చాలాసార్లు ఒంటరి. పైగా ఎటు మళ్లాలో రిసీవర్‌కి ముందే తెలుసు, ఇతనికి తెలీదు. వెనక్కి అడుగులేస్తూ, ఎదుటివాడి నడుము చూస్తూ, వాడు మళ్లిన క్షణంలోనే తనూ మళ్లాలి. ఆ మళ్లడాన్ని ఏ స్టాప్‌వాచీ కొలవదు.

నేను మాత్రం స్టాప్‌వాచీనే నమ్మాను. డ్రాఫ్ట్‌కి ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో 40 గజాల పరుగు పెడతారు. 2020 అంకెలు తెచ్చి సార్ట్ చేశాను. కార్నర్లలో పైన యూటా యూనివర్సిటీ జావెలిన్ గైడ్రీ, 4.29 సెకన్లు. సీజే హెండర్సన్ 4.39. ఒహాయో స్టేట్ జెఫ్ ఒకూడా 4.48. లిస్టు అన్నయ్యకి పంపాను.

"మావాడేడిరా?" అన్నాడు.

ట్రెవాన్ డిగ్స్ అసలు లేడు! కంబైన్‌లో అతను పరుగు తీయలేదు. గడి ఖాళీ. డేటా క్లీనింగ్ పేరుతో నేను రాసిన డ్రాప్‌ఎన్ఏ లైను అతణ్ణి ఊడ్చేసింది. ఆ డిగ్స్ 2021 సీజన్‌లో 11 ఇంటర్‌సెప్షన్లు పట్టాడు. 1981 తర్వాత ఎవరూ ఒక సీజన్‌లో అన్ని పట్టలేదు. (సాహసం ఎక్కువ కాబట్టి గజాలూ బాగానే ఇచ్చుకున్నాడు, అది అన్నయ్యతో అనకండి.) నా లిస్టులో మొదటివాడైన గైడ్రీనేమో ఏడు రౌండ్లలోనూ ఎవరూ పిలవలేదు. తర్వాత జెట్స్ జట్టు విడిగా సంతకం చేయించుకుంది.

అప్పుడు వీళ్లు ఎలా ఎంచుకుంటారో చదవడం మొదలెట్టాను. అసలు రుచి జట్టు అవసరంలో ఉంది. ఆ మార్చిలో డెట్రాయిట్ లయన్స్ తమ మేటి కార్నర్ డేరియస్ స్లేని ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. ఖాళీ వచ్చింది, మూడో వంతులోనే ఒకూడాని తీసుకుంది. కౌబాయ్స్‌కీ అదే కష్టం, బైరన్ జోన్స్ మయామీకి వెళ్లిపోయాడు. కానీ 17వ వంతుకి సీడీ లాంబ్ అనే మంచి రిసీవర్ ఇంకా మిగిలి ఉన్నాడు. కార్నర్ కావాల్సిన జట్టు రిసీవర్‌ని తీసుకుంది! కార్నర్ కోసం 51వ వంతు దాకా ఆగింది. అప్పుడు దొరికినవాడే డిగ్స్.

లయన్స్‌ది తెలివితక్కువని నేననను. ఒకూడా కాలేజీ ఆట చూసిన ఎవరైనా అతణ్ణే తీసుకునేవారు. రిసీవర్‌ని మనిషికి మనిషి కాపు కాసే పద్ధతంటే కోచ్ మ్యాట్ పాట్రీషియాకి ఇష్టం, ఒకూడా దానికి సరిపోతాడు. ఆ నవంబర్‌లోనే కోచ్‌ని తీసేశారు. 2021 మొదటి మ్యాచ్‌లోనే ఒకూడా మడమ వెనక నరం తెగింది. 2023లో ఒక ఐదో రౌండ్ వంతుకి మారుగా అట్లాంటాకి పంపేశారు. వీటిల్లో ఏది ఏ కాలమ్‌లో పెట్టను?

డ్రాప్‌ఎన్ఏ లైను తీసేశాను. డిగ్స్ తిరిగొచ్చాడు, మోడల్ ఎర్రర్ ఇస్తోంది. రివ్యూ గురువారం.