గాలివానల తర్వాత కరెంటు పోయినప్పుడు పట్టుపురుగుల పెంపకంలో జాగ్రత్తలు



కోలారు, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట, బాగేపల్లి ప్రాంతాల్లోను, హోసూరు, కృష్ణగిరి వైపున పట్టుపురుగులు పెంచే మన గ్రామాల్లోను ఏటా రెండు గండాలు తప్పవు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రంపూట విరుచుకుపడే గాలివాన, వడగళ్ళు ఒకటి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతం నుండి వచ్చే వాయుగుండాలు, తుఫానులు రెండవది. 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుఫాను ప్రభావంతో కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులోనే సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసింది. సముద్రానికి దూరంగా ఉన్నామని మనం నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

వాన వెలుస్తుంది కాని కరెంటు రాదు. ఒక రాత్రి అనుకున్నది రెండు మూడు రోజులవుతుంది. పక్క ఊళ్ళో దీపాలు వెలుగుతుంటే మన ఊరు చీకట్లో ఉండడం ఎవరికైనా విసుగు పుట్టిస్తుంది. ఆ విసుగు న్యాయమైనదే. అయితే కరెంటు వచ్చేదాకా పురుగు ఆగదు. ఐదవ దశ సుమారు 7 రోజులు మాత్రమే. మొత్తం మేతలో 80 శాతానికి పైగా పురుగు ఆ రోజుల్లోనే తింటుంది. ఆ వారంలో మూడు రోజులు అజాగ్రత్తగా ఉంటే నెల రోజుల కష్టం, తెచ్చిన అప్పు రెండూ మీద పడతాయి. కనుక మూడు రోజులు కరెంటు లేకపోయినా పంట నిలిచేటట్లు ముందే సిద్ధం కావాలి.

దీపం ఉండగానే చేయవలసినవి

1. చాకీ పురుగులు తెచ్చే ముందు రోజులు లెక్క వేయండి. రెండవ జ్వరం దాటిన పురుగులు తెస్తే సుమారు 9వ రోజున ఐదవ దశ మొదలై, 16వ రోజు ప్రాంతంలో పండుతాయి. తుఫాను హెచ్చరిక ఉంటే మీ షెడ్డుకు, మీ తోటకు మించి పురుగులు తీసుకోవద్దు.

2. షెడ్డు దగ్గర నీళ్ళ తొట్టి ఎప్పుడూ నిండుగా ఉంచండి. వాన తర్వాత తోటకు రెండు మూడు రోజులు తడి పెట్టకపోయినా నష్టం లేదు. కాని చేతులు, తట్టలు కడగడానికి, గోనెపట్టాలు తడపడానికి నీళ్ళు కావాలి.

3. ఛార్జింగు లైట్లు సిద్ధంగా ఉంచండి. కొవ్వొత్తులు, కిరోసిన్ బుడ్లు వద్దు. ప్లాస్టిక్ నేత్రికలకు, వెదురు చంద్రికలకు ఇట్టే నిప్పు అంటుకుంటుంది.

4. ఉష్ణమాపకం, తేమమాపకం గదిలో వేలాడదీయండి. వీటికి కరెంటు అక్కర లేదు.

5. ఆకాశం మబ్బు పట్టగానే ఒకటి రెండు మేతలకు సరిపడే ఆకు ముందే కోసి, తడి గోనె కప్పి చల్లని చోట నిలవ చేయండి.

కరెంటు పోయిన తర్వాత

చాకీ పురుగులకు 26-28 డిగ్రీల వేడి, 80-90 శాతం తేమ కావాలి. ఐదవ దశలో 24-25 డిగ్రీలు, 65-70 శాతం తేమ చాలు. హీటరు ఆగి గది చల్లబడితే చాకీకి బొగ్గుల కుంపటి వాడవచ్చు. దాన్ని బయట రాజేసి, పొగ పూర్తిగా పోయిన తర్వాతనే లోపలికి తీసుకురండి. గాలి వచ్చే దారి మూయవద్దు. కుంపటి ఉన్న గదిలో ఎవరూ పడుకోకూడదు. బొగ్గు నుండి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. అది ప్రాణం తీస్తుంది.

పెద్ద పురుగుల విషయం దీనికి భిన్నం. చలికి భయపడి తలుపులు, కిటికీలు బిగిస్తే రెట్టల ఆవిరి, తేమ లోపలే నిలిచి రోగాలు ముదురుతాయి. ఫ్యాను లేనప్పుడు కిటికీలు తెరవడమే మార్గం. ఊజి ఈగ రాకుండా వల మాత్రం తీయవద్దు. వేసవి గాలివాన తర్వాత మళ్ళీ ఎండ కాస్తే కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, పైకప్పుపై నీళ్ళు చల్లండి.

తడి ఆకు వేయవద్దు. పరిచి, తిరగేసి, నీరు ఆరిన తర్వాత వేయండి. బురద చిమ్మిన ఆకు, వడగళ్ళకు చినిగి వాడిన ఆకు పురుగులకు పనికిరాదు. పక్క తోట ఆకు కొంటే మందు చల్లి ఎన్నాళ్ళయిందో తప్పక అడగండి.

తేమ ఎక్కువైనప్పుడు పడకపై పొడి సున్నం పలుచగా చల్లండి. చలి, ముసురు రోజుల్లో సున్నపుకట్టు రోగం త్వరగా వ్యాపిస్తుంది. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ రూపొందించిన 'విజేత' పొడిని సూచించిన వేళల్లో, సూచించిన మోతాదులో వాడండి. గట్టిపడి చచ్చిన పురుగులను చేతికి తగలకుండా ఏరి కాల్చివేయండి.

గూడు కట్టే సమయంలో తేమ ఎక్కువైతే గూడు నుండి దారం సరిగా రాదు, ధర పడిపోతుంది. చంద్రికలను జల్లు కొట్టని, గాలి ఆడే వసారాలో ఉంచి, కింద పాత కాగితాలు పరచి తడిసినప్పుడల్లా మార్చండి.

ప్రమాదాలు

తెగిపడిన తీగ దగ్గరికి ఎవరినీ, పశువులను కూడా, పోనివ్వవద్దు. కరెంటు లేదు కదా అని తీగ తాకవద్దు, ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు మీరే వేయవద్దు. ఏ క్షణాన లైను చార్జి చేస్తారో తెలియదు. జనరేటరును చేంజోవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు కలిపితే ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోయి, స్తంభంపై పనిచేసే లైన్‌మ్యాన్ ప్రాణం తీస్తుంది. బోరు మోటారు, హీటరు స్విచ్చులు ఆపి ఉంచండి. కరెంటు వచ్చిన తర్వాత మూడు ఫేజులూ ఉన్నాయని చూసుకున్న మీదటే మోటారు వేయండి. రెండు ఫేజులపై నడిస్తే మోటారు కాలిపోతుంది.

ఫిర్యాదు ఎలా చేయాలి?

గాలికి కొమ్మ పడినా, ఇన్సులేటరు పగిలినా సబ్‌స్టేషన్‌లో ఆ ఫీడరు ఆగిపోతుంది. లైను పొడవునా నడిచి చూసి, తప్పు కనిపెట్టి, సరిచేసిన తర్వాతే మళ్ళీ చార్జి చేస్తారు. ఆలస్యానికి ఎక్కువగా ఇదే కారణం. "మా ఊళ్ళో కరెంటు లేదు" అని వంద మంది చెప్పేకంటే, "ఫలానా ట్రాన్స్‌ఫార్మరు దాటాక రెండో స్తంభం దగ్గర కొమ్మ పడింది" అని ఒకరు చెప్తే పని త్వరగా జరుగుతుంది. దూరం నుండి చూసి స్తంభం నంబరు, పోయిన సమయం రాసుకోండి. కర్ణాటకలో 1912కు, తమిళనాడులో మిన్నగం 94987 94987కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆఫీసులో ఇచ్చే అర్జీ కన్నడంలోనో తమిళంలోనో బడికి పోయే పిల్లలచేత రాయించి, నకలుపై ముద్ర వేయించుకోండి.

ఇన్ని గంటల్లో సరఫరా పునరుద్ధరించాలని గడువులు నిర్ణయించే అధికారం 2003 విద్యుత్ చట్టం ప్రకారం రాష్ట్ర నియంత్రణ కమిషన్‌కు ఉంది. గడువు తప్పితే పరిహారం అడగవచ్చు. తుఫాను వంటి వైపరీత్యాల్లో ఈ గడువులకు సడలింపు ఉంటుంది. కాని ప్రతి చిన్న గాలికీ అదే లైను ఆగిపోతుంటే దాన్ని వైపరీత్యం అనరు. అటువంటి చోట తేదీలు, గంటలు ఒక పుస్తకంలో రాసి, ఊరంతా సంతకాలు చేసి ఇవ్వండి. వేసవికి ముందే లైను మీది కొమ్మలు కొట్టించమని కోరండి.

గుర్తుంచుకోండి: కరెంటు కోసం అడగడం మీ హక్కు. అడుగుతూనే మేత వేళ తప్పకుండా చూడడం మీ పంటకు రక్ష.

మరిన్ని వివరాలకు మీ సమీప పట్టుపరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రాన్ని సంప్రదించండి.