క్యాన్సర్ కాని గడ్డ: గల్ఫ్ తమ్ముళ్లకు ఆరు మాటలు

రియాద్‌లో న్యూరోసర్జరీ వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేశాను. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి వచ్చిన మన పిల్లలకు మంచం పక్కన నిలబడి చెప్పిన మాటలివి.

1. మెదడులోనో వెన్నులోనో గడ్డ అనగానే కుంగిపోకండి. అలాంటి గడ్డల్లో క్యాన్సర్ కాని కొన్ని తిత్తులు తల్లి కడుపులోనే మొదలవుతాయి. పిండానికి మూడో వారంలో వెన్నుపాము కాబోయే పొర, పేగు కాబోయే పొర విడిపోవాలి. పేగు పొర కాస్త వెన్ను దగ్గరే చిక్కుకుంటే న్యూరెంటెరిక్ తిత్తి అవుతుంది. ముప్ఫై, నలభై ఏళ్లకు బయటపడినా అది పుట్టుకతో వచ్చిందే. మీ ఎండపనీ కారణం కాదు, మీ తిండీ కారణం కాదు.

2. క్యాన్సర్ కాదని అశ్రద్ధ చేయకండి. గడ్డ గుణం ఎంత ముఖ్యమో అది ఉన్న చోటూ అంతే. కొల్లాయిడ్ తిత్తి మెదడు నడుమ నీరు పారే దారి దగ్గర పెరుగుతుంది. దారి మూసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. తీవ్రమైన తలనొప్పితో పాటు వాంతులు, మగత కమ్మితే తెల్లారేదాకా ఆగకండి, సౌదీలో అయితే 997కు ఫోన్ చేయండి.

3. చేతులు తిమ్మిరెక్కడం, నడక తూలడం స్టీరింగ్ వల్లేననో, బరువులు మోయడం వల్లేననో అనుకుని నొప్పి బిళ్లలతో నెట్టుకురాకండి. వెన్నులో తిత్తి ఉంటే బాధ తగ్గి, మళ్లీ రావచ్చు. తగ్గిందని నమ్మి మోసపోతారు.

4. ఎంఆర్ఐ రాస్తే చేయించుకోండి. సౌదీలో ప్రైవేటు ఉద్యోగికి ఆరోగ్య బీమా చేయించడం యజమాని బాధ్యత. ఏ ఆసుపత్రికి, ఎంతవరకు వర్తిస్తుందో ముందే అడిగి ఉంచుకోండి.

5. ప్రతి తిత్తికీ కత్తి అక్కర్లేదు. వేరే కారణానికి స్కాన్ తీస్తే కనిపించే అరాక్నాయిడ్ తిత్తుల్లో చాలావాటిని గమనిస్తూ ఉంటే చాలు. తిత్తి వెన్నుపామును నొక్కుతూ బలం తగ్గిస్తుంటే మాత్రం ఆపరేషన్ వాయిదా వేయకండి. ఇంటికెళ్లి చేయించుకుందామనుకుంటే విమానం ఎక్కవచ్చో లేదో డాక్టరునే అడగండి.

6. ఆపరేషన్‌తో కథ ముగిసిందనుకోకండి. తిత్తి గోడ వెన్నుపాముకు అంటుకుని ఉంటే సర్జన్ ఆ ముక్కను వదిలేయాల్సి వస్తుంది. బలవంతంగా లాగితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. ఆ మిగిలిన ముక్క నుంచే ఏళ్ల తర్వాత తిత్తి మళ్లీ పెరగవచ్చు. అందుకే సౌదీ వదిలే ముందు స్కాన్ సీడీ, ఆపరేషన్ నోట్, బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలోనో మీ ఊరికి దగ్గర్లోని న్యూరోసర్జన్ దగ్గరో అవి చూపించి, చెప్పిన గడువుకల్లా ఎంఆర్ఐ చేయించుకోండి, ఒంట్లో బాగున్నా సరే.