గ్యాస్‌తో నడిస్తే ఇంజిన్ అరిగిపోతుందా?

పిల్లలూ! పుదుచ్చేరిలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్ల ముందు నిలిపిన కార్ల నంబరు ప్లేట్లు చదువుతూ పోతే ఒక భూగోళ పాఠం పూర్తవుతుంది. పీవై 01 పక్కన ఏపీ, దాని పక్కన ఢిల్లీ, ఆ పక్కన ఒడిశా. మనతోపాటు మన కారు కూడా బదిలీ అవుతుంది. కొత్త ఊళ్ళో ఖర్చులు లెక్క వేసుకునేటప్పుడు చాలా ఇళ్ళలో ఒక మాట వస్తుంది. "పెట్రోలుకే జీతం పోతోంది, గ్యాస్ కిట్ పెట్టిద్దామా?" అని ఒకరు అంటారు. "వద్దు, గ్యాస్‌కి ఇంజిన్ అరిగిపోతుందట" అని ఇంకొకరు అంటారు. మేము పనిచేసిన ఊళ్ళన్నిటా ఈ మాటలు విన్నాం.

ఆ రెండో వాక్యం చివర ఉన్న "ట" చూడండి. "అరిగిపోతుంది" అంటే చెప్పేవారికి తెలిసిన విషయం. "అరిగిపోతుందట" అంటే ఎవరో చెప్పగా విన్నది. తెలుగులో ఒక్క అక్షరం ఇంత తేడా చూపిస్తుంది. ఈ పాఠంలో మనం చేసేది ఆ "ట"ను పరీక్షించడం.

ఆటో ఎల్‌పీజీ అంటే ఏమిటి?

ఎల్‌పీజీ అంటే ద్రవరూపంలోకి మార్చిన పెట్రోలియం వాయువు. ఇందులో ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువులు ఉంటాయి. ఒత్తిడి పెడితే ఇవి ద్రవంగా మారి తక్కువ చోటులో ఇమిడిపోతాయి. వీటికి సహజంగా వాసన లేదు. కారితే మనకు తెలియాలని ఘాటైన వాసన గల పదార్థం కలుపుతారు. ఈ వాయువు గాలికన్నా బరువైనది. కారితే పైకి పోకుండా నేలమీద, గుంటల్లో పేరుకుంటుంది. సీఎన్‌జీ వేరు. అది మీథేన్, గాలికన్నా తేలిక.

మన దేశంలో 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, వాహనాల్లో ఎల్‌పీజీ వాడకానికి దారి ఇచ్చారు. 2006లో మారుతి సంస్థ పెట్రోలుతోనూ, ఎల్‌పీజీతోనూ నడిచే వ్యాగన్ ఆర్ డ్యుయో కారును తెచ్చింది. హైదరాబాదులో, చెన్నైలో గ్యాస్ ఆటోలు మీలో చాలామంది ఎక్కే ఉంటారు. దక్షిణ కొరియాలో టాక్సీలు ఎన్నో ఏళ్ళుగా ఎల్‌పీజీతో నడుస్తున్నాయి.

కిట్‌లో ఏముంటుంది?

పెట్రోలు కారును గ్యాస్‌కు మార్చినా పెట్రోలు టాంకు, పైపులు అలాగే ఉంటాయి. వాటికి తోడుగా డిక్కీలో ఒక గట్టి ఉక్కు టాంకు పెడతారు. దాన్ని 80 శాతం వరకే నింపాలి. ఎండకు ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి మిగతా చోటు ఖాళీగా ఉండాలి. టాంకు నుంచి వచ్చే ద్రవాన్ని ఆవిరిగా మార్చే భాగాన్ని రెడ్యూసర్ అంటారు. ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడి ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ నుంచి వస్తుంది. అందుకే కూలెంట్ తగ్గితే రెడ్యూసర్ మీద మంచు పేరుకుని బండి ఆగిపోవచ్చు. ఇప్పటి కిట్లలో బండి ముందు పెట్రోలుతోనే స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ వేడెక్కాక గ్యాస్‌కు దానంతట అదే మారుతుంది.

అరుగుదల తగ్గే చోటు

"అరగడం" అనే మాట మనకు కొత్త కాదు. చెప్పులు అరుగుతాయి, సుద్దముక్క అరుగుతుంది, సాన మీద గంధపుచెక్క అరుగుతుంది. ఒకదానితో ఒకటి రాసుకునే చోట అరుగుదల ఉంటుంది. ఇంజిన్ లోపల అలాంటి చోట్లు చాలా ఉన్నాయి. కాబట్టి "ఇంజిన్ అరుగుతుందా?" అని కాక "ఏ భాగం అరుగుతుంది?" అని అడగాలి.

మొదట పిస్టన్ కదిలే గొట్టం, అంటే ఇంజిన్ సిలిండర్, చూద్దాం. (వంటింటి సిలిండర్ వేరు, ఇది వేరు. మాట ఒకటే.) దాని గోడమీద పలుచని నూనె పొర ఉంటుంది. పిస్టన్ రింగులు ఆ పొర మీద జారుతాయి. ఉదయం చల్లగా ఉన్న ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా అందుతుంది. అందులో కొంత ఆవిరి కాకుండా చుక్కలుగా గోడకు పట్టి, నూనె పొరను కడిగేస్తుంది. జిడ్డు చేతిని పెట్రోలుతో తుడిస్తే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. ఎల్‌పీజీ ఇంజిన్‌లోకి ఆవిరిగానే వస్తుంది. గోడను కడగదు, కిందకు జారి నూనెను పలుచన చేయదు. మసి కూడా తక్కువ. గ్యాస్ బండి ఇంజిన్ ఆయిల్ ఎక్కువ కాలం తేటగా కనిపించడానికి కారణం ఇదే. అంటే ఈ చోట గ్యాస్ మేలే చేస్తుంది. అయితే ఆయిల్ తేటగా ఉందని మార్చడం మానకూడదు. రంగు మారకపోయినా వేడికి దాని గుణం తగ్గుతుంది.

అరుగుదల పెరిగే చోటు

ఇప్పుడు ఇంజిన్ పైభాగానికి వెళ్దాం. అక్కడ వాల్వులు ఉంటాయి. తెలుగులో కవాటాలు, అంటే తలుపులు. గాలి, ఇంధనం లోపలికి రావడానికి ఒక తలుపు, పొగ బయటికి పోవడానికి ఒకటి. ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు నిమిషానికి 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మూసుకున్నప్పుడు అది ఆనే అంచును వాల్వు సీటు అంటారు.

పొగ వాల్వు ఎర్రగా కాలేంత వేడిలో పనిచేస్తుంది. పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసపు పొర వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తలా పనిచేసేది. సీసం పొగ మన ఆరోగ్యానికి, ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని చేస్తుంది కాబట్టి 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం పెట్రోలు ఆపేశారు. ఆ మెత్త లేకుండా తట్టుకోవాలంటే సీటు గట్టి లోహంతో ఉండాలి. పాతకాలపు చాలా ఇంజిన్లలో సీటు విడి ముక్క కాదు, ఇనుప హెడ్‌లోనే కోసేవారు. గ్యాస్ పొడిగా మండుతుంది. పెట్రోలు వదిలే సన్నని మసి పొర కూడా మిగలదు. దాంతో మెత్తని సీటు కొద్దికొద్దిగా లోపలికి అరిగి, వాల్వు హెడ్‌లోకి దిగబడుతుంది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. మామూలుగా ఇంజిన్‌లో ఏదైనా అరిగితే సందు పెరిగి శబ్దం వస్తుంది. సీటు అరిగినప్పుడు వాల్వు పైన ఉండే సందు పెరగదు, తగ్గుతుంది. కాబట్టి శబ్దం రాదు సరికదా, ఇంజిన్ ఇంకా నెమ్మదిగా ఉన్నట్టు అనిపిస్తుంది. సందు పూర్తిగా పోయాక వాల్వు సరిగా మూసుకోదు. వేడి వాయువులు ఆ సందులోంచి దూసుకుపోయి వాల్వు అంచును కాల్చేస్తాయి. బండికి బలం తగ్గాక గాని యజమానికి తెలియదు. కిట్ పెట్టించిన కారుకు కంపెనీ చెప్పిన కాలానికి వాల్వు సందు కొలిపించడం అందుకే ముఖ్యం.

దీనికి తోడు, కిట్ సర్దుబాటు సరిగా లేక గాలి ఎక్కువై గ్యాస్ తక్కువైతే వేడి ఇంకా పెరుగుతుంది. గ్యాస్‌ను అంటించడానికి నిప్పురవ్వ బలంగా ఉండాలి కాబట్టి స్పార్క్ ప్లగ్గులు కూడా మంచి స్థితిలో ఉండాలి.

ఇప్పుడు మన "ట"ను సరిచేయవచ్చు. గ్యాస్ వల్ల సిలిండర్ గోడ అరుగుదల తగ్గవచ్చు. సీటు మెత్తనిదైతే వాల్వు అరుగుదల పెరుగుతుంది. సీటు గట్టిదై, కిట్ సర్దుబాటు బాగుంటే ఇంజిన్ చాలా కాలం నడుస్తుంది.

పుదుచ్చేరిలో లెక్క

మన ఊరు చిన్నది, చదునైనది. లాస్‌పేట నుంచి నెహ్రూ వీధికి, అక్కడి నుంచి బీచ్ రోడ్డుకు ఎంత దూరం? ఇంజిన్ బాగా వేడెక్కేలోపే గమ్యం వస్తుంది. అంటే ప్రయాణంలో కొంత భాగం పెట్రోలుతోనే గడుస్తుంది. గ్యాస్ వల్ల వచ్చే మేలు, ఆదా రెండూ ఆ మేరకు తగ్గుతాయి.

లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు, లీటరు ద్రవ ఎల్‌పీజీ సుమారు 540 గ్రాములు. అందుకే పెట్రోలుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు గ్యాస్‌కు సుమారు 12 ఇస్తుంది. లెక్క కోసం పెట్రోలు 100 రూపాయలు, గ్యాస్ 60 రూపాయలు, కిట్ 40,000 రూపాయలు అనుకుందాం. పెట్రోలుతో కిలోమీటరుకు 6.67 రూపాయలు, గ్యాస్‌తో 5 రూపాయలు. మిగిలేది 1.67 రూపాయలు. కిట్ ధర తిరిగి రావాలంటే 24,000 కిలోమీటర్లు నడవాలి.

రోజుకు 15 కిలోమీటర్లు నడిచే కారుకు అది 1600 రోజులు, అంటే నాలుగేళ్ళ పైమాట. మూడేళ్ళకే బదిలీ వస్తే? కడలూరు నుంచి రోజూ వచ్చిపోయేవారికి, రానూపోనూ 50 కిలోమీటర్లు అనుకుంటే, 480 పనిదినాలు చాలు. ఒకే కారు, ఒకే కిట్. ఒక ఇంటికి లాభం, ఇంకొక ఇంటికి నష్టం.

మరచిపోకూడనివి

గుర్తింపు పొందిన కిట్‌నే, అనుమతి ఉన్న చోటే బిగించుకోవాలి. ఆర్‌సీలో ఇంధనం మార్పు రాయించాలి, బీమా సంస్థకు తెలపాలి. వంటింటి సిలిండర్‌ను కారుకు తగిలించడం నేరం, ప్రాణాపాయం. మనది సముద్రపు ఊరు. ఉప్పుగాలికి టాంకు బిగింపులు తుప్పు పడుతున్నాయేమో చూపించుకోవాలి. నిర్ణీత కాలానికి టాంకు పరీక్ష చేయించాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టకుండా, కిటికీలు తెరిచి, దూరంగా జరగాలి. పెట్రోలు టాంకును పూర్తిగా ఎండనివ్వకూడదు, లోపలి పంపు పెట్రోలుతోనే చల్లబడుతుంది.

బదిలీ అయ్యేవారికి ఇంకొకటి. వేరే రాష్ట్రంలో కారును 12 నెలలు దాటి ఉంచితే అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలి. అప్పుడు ఆర్‌సీలో గ్యాస్ సంగతి లేకపోతే పని ఆగుతుంది. వెళ్ళే ఊళ్ళో ఆటో ఎల్‌పీజీ బంకు ఉందో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

అభ్యాసం

1. గ్యాస్ బండిలో ఇంజిన్ ఆయిల్ ఎందుకు తేటగా ఉంటుంది? దాన్ని మార్చడం ఎందుకు మానకూడదు?
2. వాల్వు సీటు అరిగినా శబ్దం ఎందుకు రాదు? మీ మాటల్లో రాయండి.
3. మీ ఇంటి కారు లేదా మీకు తెలిసినవారి కారు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో అడిగి, మీ ఊరి ధరలతో పై లెక్క మళ్ళీ చేయండి.
4. ఈ వారం మీరు విన్న "ట" వాక్యాలు మూడు రాయండి. వాటిలో ఒకదాన్ని పరీక్షించి, "ట" తీసేయవచ్చో లేదో కారణంతో చెప్పండి.