సూది అంటే భయమా? తెలుసుకోవలసిన కొన్ని సంగతులు



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్లలో చదువుకుని నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు వెళ్లిన పూర్వ విద్యార్థులం మేము. వార్షికోత్సవ సంచికకు ఆరోగ్యం మీద ఒక పాఠం రాయమన్నారు. పరిశుభ్రత గురించి, పౌష్టికాహారం గురించి ప్రతిసారీ ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. అందుకని ఎవరూ రాయని సూది భయాన్ని ఎంచుకున్నాం.

నవ్వకండి. టీకాలు వేసేవాళ్లు వస్తున్నారని తెలిస్తే పొద్దున్నే కడుపునొప్పి అని దుప్పటి కప్పుకునేవాళ్లు, బాత్రూంలో గడియ పెట్టుకునేవాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. 2017 ఆగస్టులో 15 ఏళ్లలోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలు వేసినప్పుడు, 2022 జనవరిలో 15 నుంచి 18 ఏళ్లవారికి కోవాగ్జిన్ మొదలైనప్పుడు ఇటువంటి కడుపునొప్పులు బాగానే వచ్చాయి. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీ సూది ఎలాగూ ఉంది. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద మన గిరిజన ప్రాంతాల్లో చేసే రక్తపరీక్షకు వేలు కూడా ఇవ్వాలి.

ముందుగా ఒక మాట. ఇది పిరికితనం కాదు. చీకటికి, కుక్కకు భయపడినప్పుడు గుండె వేగం, రక్తపోటు రెండూ పెరుగుతాయి. అప్పుడు మనిషి పరుగెత్తుతాడు గాని కళ్లు తిరిగి పడిపోవడం అరుదు. సూదిని, రక్తాన్ని చూసినప్పుడు కొందరికి మరోలా జరుగుతుంది. మొదట గుండె దడదడలాడుతుంది. ఆ వెంటనే వేగస్ అనే నాడి ప్రభావంతో గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు సడలుతాయి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. మెదడుకు రక్తం చాలదు. చెవుల్లో హోరు, ఒళ్లంతా చెమట, కళ్లముందు చీకట్లు, ఆపైన నేల మీద. ఈ తత్వం కుటుంబాల్లో వస్తుంది కూడా. మీ నాయనో, మేనమామో రక్తం చూసి పడిపోయిన కథ ఇంట్లో అడిగి చూడండి. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురించిన జబ్బుల వర్గీకరణ గ్రంథంలో రక్తం, ఇంజెక్షన్, గాయం భయాన్ని ఒక ప్రత్యేక రకంగా చేర్చారు.

అలా పడినవాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కొద్దిసేపట్లో తేరుకుంటాడు. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఇందులో ప్రమాదమల్లా పడేటప్పుడు తలకు దెబ్బ తగలడమే.

మరి ఇంత చిన్న విషయానికి పాఠం ఎందుకంటారా? కుక్క కరిచిందని, కోతి గీరిందని చెప్పకుండా దాచే పిల్లలున్నారు. చెబితే సూదులు వేయిస్తారని భయం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే వైద్యం ఇంతవరకు లేదనే చెప్పాలి. లక్షణాలు రాకముందే సూదులు వేయించుకుంటే మాత్రం రోగం రాదు. ఈ దాపరికానికి సగం కారణం పాతకాలపు మాట. “బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు” అని మన అమ్మమ్మలు ఇంకా చెబుతూనే ఉన్నారు. ఒకప్పుడు అది నిజమే. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ మందును పొట్టమీదే వేసేవారు. మన దేశంలో దాని తయారీ 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు సర్కారు దవాఖానల్లో వేసేది చేతికే. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో రెండు భుజాలకూ ఒక్కొక్కటి, ఒక్కోసారి 0.1 మిల్లీలీటరు చొప్పున. ఆ సూది మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. సీనియర్లు దాన్ని గోనెసంచి కుట్టే దబ్బనం అని చెబితే నమ్మకండి. అబద్ధం ఎందుకు, రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ మరో మందు కూడా ఎక్కిస్తారు, అది నొప్పే. ముందుగా చెబితే పిల్లలు తట్టుకుంటారు. “ఏమీ కాదు, చీమ కుట్టినట్టే” అని మోసం చేస్తే మరుసటిసారి ఆ మనిషినే నమ్మరు.

ఇక ఉపాయం. కళ్లు తిరిగే వారి కోసం స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్ 1980లలో ఒక పద్ధతిని పరీక్షించి చూపాడు. కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను గట్టిగా బిగించాలి. కబడ్డీలో పట్టు పట్టినప్పుడు ఒళ్లు బిగిస్తామే, అట్లా. ఊపిరి మాత్రం బిగపట్టవద్దు. 10, 15 సెకన్లలో ముఖం వెచ్చబడుతుంది. అప్పుడు వదిలి 20, 30 సెకన్లు మామూలుగా ఉండాలి. మరీ వాలిపోవద్దు. ఇలా ఐదుసార్లు. రక్తపోటు పడిపోకుండా ఈ బిగింపే కాపాడుతుంది. దీన్ని వారం రోజులు రూములో సాధన చేయాలి. అసలు రోజున సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచి మిగతా ఒళ్లు బిగించాలి. కళ్లు తిరగకుండా వట్టి భయమే ఉన్నవారికి ఇది అవసరం లేదు. నెమ్మదిగా ఊపిరి వదలడం, ముఖం పక్కకు తిప్పి స్నేహితుడితో మాట్లాడటం చాలు.

రెండోది మెట్లు ఎక్కడం. మాలో ఒకామె బైపీసీ చదివి, సూది చూస్తే పడిపోతానని నర్సింగు దరఖాస్తే పెట్టకుండా ఉండబోయింది. మొదట సూది బొమ్మను చూస్తూ కూర్చుంది. తరువాత సూది లేని సిరంజిని చేత్తో పట్టుకుంది. ఆ తరువాత ఊళ్లో టీకాల రోజున ఏఎన్ఎం అక్క పక్కన నిలబడింది. ప్రతి మెట్టు మీదా భయం తగ్గేదాకా ఆగింది. మధ్యలో పారిపోతే భయం బలుస్తుంది, అదే కిటుకు. కొన్ని వారాలు పట్టింది. ఇప్పుడు ఆమె రోజూ రక్తం నమూనాలు తీస్తోంది. ఈ మూడు పట్టణాల్లోనూ 2022, 2023లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సూదికి జడిసి బైపీసీ వదిలేద్దామనుకునేవారు ఆమె ఎక్కిన మెట్లు ఒకసారి ఎక్కి చూడాలని మా కోరిక.

వార్డెన్ సార్లకు, మేడంలకు ఒక విన్నపం. భయపడే పిల్లలను లైను చివర నిలబెట్టకండి, ముందే పంపించండి. ఒకరు పడిపోతే చూసి మరో నలుగురు పడతారు. పొద్దున టిఫిన్ తినిపించి, నీళ్లు తాగించి, వీలైతే పడుకోబెట్టి వేయించండి. “మగపిల్లవాడివి, ఏడుస్తావా” అనవద్దు. ఇళ్లల్లో “అల్లరి చేస్తే సూది వేయిస్తా” అని బెదిరించడం కూడా మానాలి. చిత్రమేమిటంటే ఆ ఇళ్లల్లోనే చిన్న జ్వరానికి కూడా సూది వేయనిదే డాక్టరు మంచివాడు కాదంటారు! గోలీతో తగ్గేదానికి సూది అడగడం మనమే మానుకుంటే పిల్లలకు సగం సూదులు తప్పుతాయి.

ఇన్ని చేసినా దవాఖాన గుమ్మం ఎక్కలేనంత భయముంటే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ ఉచిత సహాయ కేంద్రం, తెలుగులోనే మాట్లాడతారు.

కుక్క గాని కోతి గాని కరిస్తే మొదట సబ్బు పెట్టి ధారగా పడే నీటికింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం పూయవద్దు. వెంటనే వార్డెన్‌కు చెప్పి అదే రోజు దవాఖానకు వెళ్లండి. 28వ రోజు సూదిని చాలామంది ఎగ్గొడతారు, అప్పటికి గాయం మానిపోయి ఉంటుంది గనుక. ఆ తేదీని పెట్టె మూతమీద సుద్దముక్కతో రాసుకోండి, పక్క మంచం వాడికి కూడా చెప్పి ఉంచండి.